‘అర్థమైందా’ అని ఆగే మనిషి

నా ఫోన్ ఆపి మళ్లీ వేసినప్పుడల్లా నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరుసల్లో వస్తాయి. ఈ ఫోన్ తాళం తీసి ఉంది, దీన్ని నమ్మడానికి లేదు, అయిదు సెకన్లలో మొదలవుతుంది అని వాటి అర్థం. ఊళ్లో తగాదా వస్తే మా తాత మాటే సాక్ష్యంగా చెల్లిన ఇల్లు మాది. నా చేతిలోని వస్తువు నమ్మదగ్గది కాదని రోజూ నాకే చెబుతుంటే మొదట్లో ఒళ్లు మండేది.

“కంపెనోడు తిట్టుకుంటాండు, తిట్టుకోనియ్. అయిదు లెక్కబెట్టు, వాడే ఊకుంటడు” అన్నాడు దీని తాళం నాతో తీయించిన ముసలాయన. అప్పటినుంచి లెక్కబెడుతూనే ఉన్నాను. మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. ఇప్పుడు ఆ అయిదూ లెక్కబెడుతుంటే నాకు వినబడే గొంతు నాది కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా నేను అడగలేదు. పోయాక కొత్తవాడ మూల మీద కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. అలా తెలిసిన పేరును వాడుకునే హక్కు నాకు ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను.

జంపఖానాలు నేసేవాడు. అరవై దాటిన మనిషి. ఇంటి ముందుగదిలో సగం మగ్గం, సగం పాత ఫోన్లు. కంపెనీ చేతులెత్తేసిన ఫోన్లలో, వేరే సిస్టమ్ ఎక్కకుండా అది వేసిన తాళం తీయించి, లోపలి పాత సిస్టమ్ తుడిపించి, కొత్తది ఎక్కించడం ఆయన రెండో పని. ఇంగ్లీషు రాదు. అక్షరాల ఆకారం తెలుసు. అన్‌లాక్ అనే మాటను “చివర కాళ్లు చాపుకున్న అక్షరం” చూసి గుర్తుపట్టేవాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నాడంటే ఒక రోజు సూరత్‌లో మరమగ్గాల మీద ఉన్నప్పుడు అనేవాడు, ఇంకో రోజు దవాఖానలో మంచం మీద పడి ఉన్నప్పుడు అనేవాడు. రెండూ నిజమో, రెండూ కావో నాకు తెలియదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లాల్సి వచ్చిన సంగతి చెప్పాలి. ఎనుమాముల దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర పని నాది. వచ్చిన మిర్చి బస్తాల లాట్ నంబర్లు ఫోన్‌లో యాప్‌లో ఎక్కించాలి. ఒక ఉదయం ఆ యాప్ తెరుచుకోలేదు. మీ ఫోన్ పాతది, కొత్త సిస్టమ్ ఉంటేనే పనిచేస్తాను అన్నది. మా యజమాని మర్యాదగానే తన పాత ఫోన్ ఇస్తానన్నాడు. ఒకరు వాడి విడిచిన వస్తువు మా ఇంటికి రాదని చెప్పాను. సాయంత్రం ఇంటికి వెళ్లి కూర్చున్న కుర్చీ పాతసామాను కొట్లో కొన్నదని గుర్తొచ్చింది. మరి ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. అన్నాను కాబట్టి నిలబడాలి. బస్తాలు దించే హమాలీ ఒకడు, “కొత్తవాడల ముసలాయన ఉన్నడు సార్, పాత ఫోన్లకు పానం పోస్తడు” అని దారి చెప్పాడు.

ఆ ఫోన్‌లో పోకూడనివి పదకొండు ఫోటోలు ఉన్నాయి. మా ఇంట్లో చివరిదాకా మిగిలిన పెద్ద వస్తువు ఒక జంపఖానా. పరిస్తే యాభై మంది కూర్చునేది. మా తాత నేయించింది. దాన్ని కూడా అమ్మాల్సి వచ్చింది. కొన్నవాళ్లు చుట్టి ఆటో ఎక్కించే ముందు, వాకిట్లో పరిపించి, నాలుగు మూలలూ నడిమీ కలిపి పదకొండు ఫోటోలు తీసుకున్నాను. దాని గుర్తు ఇక అవే. అవి మెమరీ కార్డులో ఉన్నాయి. కార్డు ఫోన్ నుంచి ఊడి వచ్చే వస్తువు కాబట్టి వాటికి ఏమీ కాదనే నా ధీమా.

మొదటి రోజు గడపలోనే ఆయన అన్న మాట, “చెప్పులు ఆడ ఇడువు, నూలు మీద దుమ్ము పడ్తది.”

విడిచాను. మా ఇంటి గడప ముందు ఈ మాట ఎవరు ఎవరికి చెప్పేవారో నాకు గుర్తుంది. ఆయనకు నా సంగతి తెలుసా, లేక నిజంగా నూలు కోసమే అన్నాడా? నూలు నిజంగానే అక్కడ ఉంది. తెల్లగా, గడప దాకా.

బల్ల మీద అప్పటికే ఒక ఆటో డ్రైవరు, ఒక కూరగాయలామె కూర్చుని ఉన్నారు. “కూసో దొరా” అన్నాడాయన నాతో. నా వెన్ను ఒక్కసారి నిటారైంది. మా ఇంటిపేరు ఈయనకెవరు చెప్పారు అనుకుంటుండగానే ఆటో డ్రైవరు వైపు తిరిగి, “నీదేంది దొరా, మల్లా ఆగిందా?” అన్నాడు. తర్వాత కూరగాయలామెతో, “దొరసానీ, చార్జింగ్ సగం మీదికున్నదా? లేకుంటె నడుమ ఆగి సచ్చిపోతది” అన్నాడు.

నన్ను దించాడో, వాళ్లను ఎక్కించాడో తెలియక అలాగే కూర్చున్నాను.

నా వైపు చిక్కు ఇంకోటి. నేతపనివాళ్లను మా ఇంట్లో నువ్వు అనేవాళ్లు. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మీరు అనడానికి నోరు తిరగలేదు, నువ్వు అనడానికి వయసు అడ్డం. అందుకని ఏ పిలుపూ తగలకుండా మాటలు కూర్చుకునేవాణ్ణి. “ఇది అవుతదా?” “ఎన్ని రోజులు పడ్తది?” అలా. ఆయనకది తెలిసే ఉంటుంది. ఒకసారి బల్ల మీద వాళ్లతో, “ఈ దొర గోడతోటి మాట్లాడ్తడు, నేను నడుమ నిలబడి జవాబు చెప్త” అన్నాడు.

ఆయన పద్ధతి విచిత్రమైనది. ఎవరి ఫోన్‌నూ తాకడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాడు. కేబుల్ ఒక్కటే ముట్టుకుంటాడు. దాన్ని పోగు చూసినట్టు వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాగి, ఎక్కడో తేడా తగిలితే పక్కన పడేసి ఇంకోటి తీస్తాడు. ఆ తర్వాత అంతా ఫోన్ ఎవరిదో వాళ్లే చెయ్యాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు కొట్టడం, దాగి ఉన్న మెనూ తెరవడం, సగం మీటలు ఊడిన ల్యాప్‌టాప్ మీద ఒక్కో అక్షరం వెతికి టైపు చేయడం. చేసే ముందు ఆ వరుస అంతా సొంత చేత్తో కాగితం మీద రాయాలి. ఒక్కో మెట్టు దగ్గరా “అర్థమైందా?” అని ఆగుతాడు. గబుక్కున అయిందన్నవాళ్లను ఇంటికి పంపిస్తాడు.

“ఎంటనే అర్థమైందన్నోని ఫోనే ఇటుకైతది. అర్థంకాలె అను, నీ నోరేం పోదు.”

ఇటుక అంటే మళ్లీ బతకని ఫోన్. నేర్చుకునే రోజుల్లో ఆయన చంపిన ఫోన్లు ఎనిమిదో తొమ్మిదో ఒక గుడ్డలో మూటకట్టి మగ్గం తాడుకు వేలాడదీశాడు. ఆ బరువుకే పడుగు బిగువుగా నిలిచేది. ఎవరైనా అడిగితే, “సచ్చినా పనిజేస్తానయ్, మనకన్న నయం” అనేవాడు.

నా ఫోన్ తయారుచేసిన కంపెనీ, తాళం తీయాలని అర్జీ పెడితే ఏడు రోజులు ఆగమంటుంది. అందుకని వారం రోజులు సాయంత్రం పూట ఆ బల్ల మీద కూర్చున్నాను. రోజూ అదే కాగితం మళ్లీ రాయించేవాడు. మూడో రోజు నాకు కోపం వచ్చింది.

“రాసిందే ఎన్నిసార్లు రాయాలె?”

“పడుగు మొదటి పోగు తప్పితే అంతా తప్పుతది దొరా. నేసినంక విప్పుడు కష్టం.”

“సరే గని, రూట్ అనేది కూడా చెయ్యాలె నాకు. దాంతోటి ఫోన్ మీద పూర్తి హక్కు వస్తదట గదా.”

ఆయన మగ్గం దగ్గర నుంచి తల తిప్పాడు. “ఎందుకు?”

“నా ఫోన్, నా హక్కు.”

“కొత్త సిస్టమ్ ఎక్కిచ్చుడు ఒక పని. రూట్ ఇంకో పని. నీకు మొదటిది జాలు. రూట్ జేస్తె ఇంట్ల అన్ని అర్రల తాళాలు నీ చేతికొస్తయ్. ఏ అర్రల ఏమున్నదో ఎర్క లేనోడు తాళాలన్ని పట్టుకోని ఏం జేస్తడు? ఒకటి ఇడిసిపెడ్తడు, దొంగ జొరబడ్తడు. బ్యాంకు యాప్ మొరాయిస్తది. నీకు ఫికర్, నాకు ఫికర్.”

“తాళాలు మాకు కొత్త గాదు” అన్నాను.

“ఎర్కే” అన్నాడు. అంతే. ఆ ఎర్కే అన్న మాటలో గౌరవం ఉందా, ఎత్తిపొడుపు ఉందా అని ఆ రాత్రంతా తూచాను. ముల్లు ఏ వైపూ వాలలేదు. రూట్ మాత్రం చెయ్యనియ్యలేదు.

ఊరికే చేయించుకోవడం మా వంశంలో లేదని, ఎంత ఇవ్వాలో తెలియాలని ఇంకో రోజు అన్నాను.

“ఎందుకు లేదు దొరా, ఉన్నది గదా” అన్నాడు నూలు అతుకుతూ. “వెట్టి అంటరు.”

బల్ల మీద ఆటో డ్రైవరు నవ్వాడు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా పెద్దవాళ్లు చేసినవాటికి నేను గొప్ప చెప్పుకోను, సంజాయిషీ కూడా ఇవ్వను. లేచి వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడే ఆయన, “నాలుగో మెట్టు రాయలే నువ్వు” అన్నాడు. కూర్చుని నాలుగో మెట్టు రాశాను. ఎందుకు కూర్చున్నానో అడిగితే చెప్పలేను.

ఆరో రోజు అడిగాడు. తాళం తీస్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడుచుకుపోతుంది, ఏమైనా దాచుకోవాల్సింది ఉందా అని.

“ఉన్నయ్. కార్డుల ఏసుకున్న.”

“కార్డు ఫోన్ల కలిపి పెట్టుకున్నవా, ఇడిగ పెట్టుకున్నవా?”

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. కార్డు మొదటిసారి పెట్టినప్పుడు ఫోన్ ఏవో రెండు మాటలు చూపించి ఒకటి ఎంచుకోమన్నది గుర్తుంది. పైన ఉన్నదాన్ని నొక్కాను. పైన ఉన్నది మంచిదే అయి ఉంటుందని. ఇప్పుడు ఆయన అడిగేది దాని గురించే అని నాకు లీలగా తెలుస్తోంది. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మా నాన్న ముందు కాగితాలు పెట్టి సంతకం చెయ్యమన్నప్పుడు, అందులో ఏముందో అడగడం చిన్నతనమని తల ఊపి సంతకం చేసేవాడు. చెరువు కింది భూమి ఒక తల ఊపుడుతో పోయింది. మెట్ట చెలక ఇంకో తల ఊపుడుతో పోయింది. నేను ఆ తలనే మోస్తున్నాను.

“ఇడిగనే” అన్నాను.

“అర్థమైందా నేనడిగింది?”

“అర్థమైంది.”

ఆయన నా వైపు కొంచెంసేపు చూశాడు. మిగతా ఎవరైనా అంత తొందరగా చెబితే ఇంటికి పంపేవాడు. అంతకు ముందు రోజే కూరగాయలామె కార్డును వేరే ఫోన్‌లో పెట్టించి, ఫోటోలు కనబడ్డాకే ముందుకు సాగాడు. ఆ పరీక్షకు అర నిమిషం పడుతుంది. నన్ను మాత్రం ఏమీ అనలేదు. మళ్లీ నూలు వైపు తిరిగాడు.

ఏడు రోజులు పూర్తయిన మర్నాడు ఆదివారం. కాగితం చూసుకుంటూ నేనే చేశాను. చివరికి తెర మీద రెండే మాటలు మిగిలాయి, తీయనా వద్దా అని. ఆయన చేతులు వెనకే ఉన్నాయి. “గీ బటన్ నేను నొక్క. ఫోన్ నీది, ఏలు నీదే ఉండాలె.” నొక్కాను. ఫోన్ చచ్చినట్టు నల్లబడి, మళ్లీ వెలిగి, తనను నమ్మొద్దని మొదటిసారి చెప్పింది. అయిదు లెక్కబెట్టాం. గంటలో కొత్త సిస్టమ్ ఎక్కింది. కోల్డ్ స్టోరేజీ యాప్ తెరుచుకుంది. బల్ల మీద వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు నిజంగా సంతోషమైంది.

కార్డు పెట్టాను. ఈ కార్డు పాడైంది, తుడిచి కొత్తగా వాడుకోవచ్చు అన్నది ఫోన్. తీసి చొక్కాకు రుద్ది మళ్లీ పెట్టాను. అదే మాట.

ఆయన చేతులు వెనక నుంచి ముందుకు వచ్చాయి. మొదటిసారి నా ఫోన్ పట్టుకున్నాడు. చూశాడు. తిరిగి ఇచ్చాడు.

“కలిపి పెట్టుకున్నవ్ గదా.”

“ఏమైంది?”

“కలిపితె ఆ కార్డుకు తాళం పాత ఫోన్ ఏస్తది. తాళంచెవి పాత ఫోన్ కడుపులనే ఉంటది. ఆ ఫోన్ పోయె గదా ఇప్పుడు. కార్డుల బొమ్మలున్నయ్ దొరా, ఎటు పోలె. చెవి లేదు.”

నేను కార్డు మళ్లీ బయటికి తీశాను.

“అడిగిన గదా నేను.”

“అడిగిండ్రు.”

“అర్థమైందన్నవ్.”

“అన్న.”

బల్ల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్లారు. నేను ఆయన్ను ఏదో ఒకటి అని పిలిచింది అదే మొదలు, అడిగిండ్రు అని. ఇంటికి వచ్చాక గమనించాను.

ఆయన వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. “నిన్ను ఇంకోసారి అడగవల్సింది. కార్డు తీపిచ్చి సూడవల్సింది. అందరిది సూస్త. నీ దగ్గర నోరు రాలె. మా అయ్య మీ అసొంటోళ్లను రెండోసారి అడగలె ఎన్నడు. అది నాలో ఎక్కడున్నదో నాకే ఎర్క లేకపాయె.”

నేను అబద్ధం చెప్పాను, ఆయన బాధ్యత తీసుకుంటున్నాడు. అది మర్యాదో, నా మీద జాలో, రెండింటిలో ఏదైనా నాకు భరించరానిదే.

“ఏముండె అందుల?” అన్నాడు.

చెప్పాను. జంపఖానా అనగానే ఆయన ముఖం మారింది. ఎక్కడ నేసిందన్నాడు. ఇక్కడే, కొత్తవాడలోనే అన్నాను. ఎవరన్నాడు. ఎవరో నేసినాయన అన్నాను. ఆ మాట నా చెవికే బాగాలేదు.

“అంచు ఎట్లుండె?”

“ఎర్రది.”

లేచి వెళ్లి మూడు రకాల ఎర్ర నూలు కండెలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఏది అన్నాడు. ఒకటి చూపించాను. కాసేపటికి ఇంకోటి చూపించాను. తర్వాత ఎరుపు కాదేమో, ఇటుకరంగేమో అన్నాను.

“నువ్వు యాదికి తెచ్చుకుంటలెవ్. నన్ను ఒప్పిస్తానవ్.”

కళ్లు మూసుకున్నాను. కుడివైపు మూలన బీడీ నిప్పు పడి కాలిన మచ్చ గుర్తొచ్చింది. నడిమిలో ముదురు నీలం గీత గుర్తొచ్చింది. చిన్నప్పుడు అడుగు తప్పకుండా దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాణ్ణి. మా తాత ఎక్కడ కూర్చునేవాడో గుర్తొచ్చింది. అవన్నీ పైకే చెప్పాను. అంచు గుర్తు రాలేదు. నలభై ఏళ్లు దాని మీద కూర్చున్నాను.

“ఎర్కలేదు” అన్నాను.

ఆయన కండెలు ఒక్కొక్కటీ మళ్లీ ఏరుకున్నాడు. “మీరు కూసున్నరు, మేం సూసినం” అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, “ఈ మాట మొన్ననే అనకపోతివి దొరా.”

కార్డు అక్కడే కిటికీలోంచి పారేయబోయాను. చెయ్యి చాపాడు. “ఇటియ్యి. పారేసేదుంటె నేను పారేస్త.” ఇచ్చాను.

తర్వాత ఏడాది పైగా ఆ వైపు వెళ్లలేదు. ఫోన్ బాగా పనిచేసింది, వెళ్లాల్సిన పని పడలేదు అని చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆయన్ను చూస్తే ఏమని పిలవాలో తెలియక వెళ్లలేదు. మొన్న వానల్లో బస్సు దిగి కొత్తవాడ మూల మీదుగా నడుస్తుంటే ఫ్లెక్సీ మీద ఆయన ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. చెప్పులు గడప బయట విడిచాను. లోపల నూలు లేదు. మగ్గం తాడుకు ఇటుకల మూట అలాగే వేలాడుతోంది, పట్టడానికి పడుగు లేక కొంచెం ఊగుతోంది. ఆయన కోడలు బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

“మీరు గోడతోటి మాట్లాడే సారేనా?”

“నేనే అమ్మా.”

లోపలికి వెళ్లి ఒక పొట్లం తెచ్చింది. “వస్తె ఇయ్యమన్నడు మా మామ. రాకుంటె పారెయ్యకుమన్నడు.”

విప్పాను. కార్డు ఉంది. దానితో పాటు జానెడు వెడల్పు జంపఖానా ముక్క. నడిమిలో ముదురు నీలం గీత, సరిగ్గా చిన్నపిల్లవాడి పాదమంత. కుడి మూలన నల్లటి నూలుతో చిన్న మచ్చ, బీడీ నిప్పంత. అంచు ఉండాల్సిన చోట రెండు వైపులా నేత లేదు. తెల్లటి పడుగు పోగులు ఉత్తగా బిగించి, చివర్లు ముడివేసి ఉన్నాయి.

నేను చెబుతానని ఆ చోటు ఆపి ఉంచాడా? చెప్పలేనని తెలిసి ఖాళీగానే ముగించాడా? నేసే ఓపిక అక్కడితో అయిపోయిందా? ముళ్లు చూస్తే పని పూర్తయినట్టు ఉంది. ముక్క చూస్తే కానట్టు ఉంది. వేలితో ఆ పోగుల మీద రాసి చూశాను. ఆయన కేబుల్‌ను చూసినట్టు. నాకేమీ తగల్లేదు.

“అంచు లేకుంట ఎందుకు నేసిండు అని ఇంట్ల అందరం అడిగినం సారూ. చెప్పలె. ఆ సారుకు సూపియ్యుండ్రి అన్నడు.” ఆమె నా ముఖంలోకి చూసింది. “మీకేమన్న అర్థమైందా?”

తల ఊగబోయింది. ఆపాను.

“కాలేదమ్మా” అన్నాను. “అర్థం కాలేదు.”

ఆమె బల్ల మీద దుమ్ము కొంగుతో దులిపింది. “అయితె కూసోండ్రి” అన్నది.